సమన్లు రెండుసార్లు తిరిగొచ్చాయి, ఇక పేపర్ ప్రకటనకి వెళ్లొచ్చా?

కొబ్బరితోట అడిగినది:

నమస్కారం అండి. అమలాపురం కోర్టులో ప్రోనోటు దావా. ప్రతివాదులు ఇద్దరు, అన్నదమ్ములు. ఊరు గోదారి పాయ అవతల లంక, పడవ దాటి వెళ్లాలి.

మొదటి ప్రతివాది సమన్లు రెండు వాయిదాలకీ సర్వ్ కాలేదు, అంటే ఆయనకి అందలేదు. ప్రాసెస్ సర్వర్ (కోర్టు కాగితాలు అందించే ఉద్యోగి) రెండుసార్లూ రాసిన షరా ఒకటే: "ఇంటికి తాళం, ఊళ్లో లేరని చెప్పారు." పోస్టు కవరు "డోర్ లాక్డ్" అని తిరిగొచ్చింది. రెండో ప్రతివాది సమన్లు ఆయన పాలేరు సంతకం పెట్టి తీసుకున్నాడు, సర్వ్ అయినట్టు రిటర్న్ వచ్చింది.

మొదటాయనకి నేరుగా పేపర్ ప్రకటన వేయమని పిటిషన్ పెట్టొచ్చా? పాలేరు సంతకం చెల్లుతుందా? తర్వాత సాక్ష్యం దశలో నోటు దస్తూరి రాసినాయన్ని, బ్యాంకు నుంచి ఖాతా లెక్కని పిలిపించాలి. దస్తూరి రాసినాయన ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నారు. సమన్లు పంపితే రావాల్సిందేనా?

గోదారిగట్టు జవాబు:

ముందు పాలేరు సంగతి. అది చెల్లదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 5 రూల్ 15 ప్రకారం మనిషి ఇంట్లో లేకపోతే, తగిన సమయంలో దొరికే అవకాశం లేకపోతే, తరఫున తీసుకునే ఏజెంటు కూడా లేకపోతే, అప్పుడు ఆయనతో కలిసి ఉంటున్న కుటుంబంలో వయసొచ్చిన వాళ్లెవరికైనా ఇవ్వొచ్చు. ఆడా మగా తేడా లేదు. కానీ నౌకరు కుటుంబ సభ్యుడు కాడని ఆ రూల్ కింద వివరణలోనే రాసి ఉంది. పండక్కి పుట్టింటికొచ్చిన కూతురికి ఇచ్చినా అదే చిక్కు, ఆవిడ ఆ ఇంట్లో కాపురం ఉండటం లేదు కదా. ఆ ఇంట్లోనే ఉండే కోడలు తీసుకుంటే ఇబ్బంది లేదు. ఇంకో మాట: ప్రతివాది పొలం వెళ్లాడంటే "లేడు" అని కాదు, సాయంత్రానికి వస్తాడు. అలాంటప్పుడు ఇంట్లోవాళ్లకి ఇచ్చినా తర్వాత ప్రశ్న వస్తుంది. ఊడ్పుల రోజుల్లో పదకొండింటికి వెళితే ఏ ఇంటికైనా తాళమే కనిపిస్తుంది. తెల్లారగట్ల గానీ దీపాల వేళ గానీ వెళ్లాలి.

రిటర్న్‌లో "సర్వ్‌డ్" అని ఉంది కదా అని సంబరపడి రెండో ఆయన్ని ఎక్స్ పార్టీ (ఆయన రాకుండానే కేసు నడపడం) చేయించకండి. రేపు డిక్రీ వచ్చి అమలుకి వెళ్లాక ఆయన డిక్రీ రద్దు చేయమని ఆర్డర్ 9 రూల్ 13 కింద వస్తాడు, సర్వ్ చేసింది పాలేరుకని రిటర్నే సాక్ష్యం చెబుతుంది. ఇప్పుడే మెమో వేసి ఆయనకి సమన్లు మళ్లీ తీయించండి. ఒక వాయిదా పోతుంది, అంతే.

ఇక మొదటాయన. పేపర్ ప్రకటన ఆర్డర్ 5 రూల్ 20. సమన్లు తప్పించుకోవడానికే మనిషి దొరక్కుండా తిరుగుతున్నాడని గానీ, మామూలు పద్ధతిలో సర్వ్ చేయడం కుదరదని గానీ జడ్జిగారికి నమ్మకం కుదరాలి. మీ దగ్గరున్న రెండు రిటర్నులూ దానికి చాలవు. "ఊళ్లో లేరని చెప్పారు" అన్నారు, చెప్పిందెవరు? ఏ తేదీన, ఎన్నింటికి వెళ్లారు? ఎక్కడికి వెళ్లాడన్నారు? మళ్లీ ఎప్పుడొస్తాడన్నారు? ఇవేవీ లేని షరా ఖాళీ కాగితంతో సమానం.

దానికంటే ముందు మెట్టు రూల్ 17, అంటించడం. తగినంత వెతికినా మనిషి దొరక్కపోతే, తీసుకునేవాళ్లు ఇంకెవరూ లేకపోతే, లేదా సంతకం పెట్టనంటే, ఆయన మామూలుగా ఉండే ఇంటి వీధి తలుపుకి గానీ అందరికీ కనిపించే చోట గానీ కాపీ అంటించాలి. వ్యాపారమో పనో చేసుకునే చోటైనా సరే. అసలు సమన్ల మీద ఏ పరిస్థితిలో అంటించిందీ, ఇల్లు చూపించిందెవరో, ఎవరి సమక్షంలో అంటించారో పేరూ చిరునామాతో రాయాలి. ఆ రిటర్న్‌కి ప్రాసెస్ సర్వర్ అఫిడవిట్ తోడు లేకపోతే రూల్ 19 ప్రకారం కోర్టు ఆయన్ని ప్రమాణం మీద విచారించి తీరాలి. ఇల్లు చూపించడానికి మీ పార్టీ తరఫున మనిషిని పంపండి, పంపకపోతే లంకలో ఇల్లు దొరకదు. కానీ సాక్షి సంతకాలు మాత్రం పక్కింటివాళ్లవో, గ్రామ రెవెన్యూ అధికారిదో ఉండేలా చూడండి. వాది బావమరిది ఒక్కడి సంతకంతో వచ్చిన అంటింపు రిటర్న్‌ని క్రాస్‌లో (ఎదురు విచారణలో) చీల్చేస్తారు.

అంటించిన ఇల్లు ప్రస్తుతం ఆయనదేనా చూసుకోండి. ఎప్పుడో అమ్మేసిన పెంకుటింటి తలుపుకి అంటిస్తే అదంతా దండగ.

చిరునామా గురించి కూడా. మన డెల్టాలో ఒక పంచాయతీ కింద నాలుగైదు శివార్లు ఉంటాయి, ఊరంతా ఒకే ఇంటిపేరు ఉంటుంది. తండ్రి పేరు, డోర్ నెంబరు, వీధి, శివారు పేరు, పంచాయతీ, పోస్టాఫీసు, మండలం, పిన్‌కోడు అన్నీ దావాలోనే ఉండాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, అంతకు ముందు రాసిన నోటులో పాత జిల్లా పేరుంటే కవరు మీద కొత్తది వేయండి. పోస్టు వాళ్లకి ముఖ్యమైంది పిన్‌కోడు.

బత్తామెమో జవాబు:

గోదారిగట్టు గారు చెప్పినదానికి తోడు, గడువుల గురించి. ప్రోనోటు దావాల్లో అసలు ప్రాణం ఇక్కడే పోతుంది.

సమన్లు సర్వ్ కాకుండా తిరిగొచ్చాక వాది ఏడు రోజుల్లోపు మళ్లీ సమన్లకి అడక్కపోతే ఆర్డర్ 9 రూల్ 5 కింద దావా కొట్టేయొచ్చు. బత్తా (సమన్లు పంపే ఖర్చు) కట్టక సర్వ్ కాకపోతే అదే ఆర్డర్ రూల్ 2. "కొత్త దావా వేసుకోవచ్చు కదా" అంటారు గానీ అది లిమిటేషన్‌కి (దావా వేసే చట్టపు గడువుకి) లోబడి. ప్రోనోటుకి మూడేళ్లు. మనవాళ్లు మూడో ఏడు ఆఖరి వారంలో దావా వేస్తారు. అది డిస్మిస్ అయ్యేనాటికి గడువు దాటిపోయి ఉంటుంది, ఇక కొత్త దావా ఎక్కడిది? రూల్ 2 కింద కొట్టేసినదైతే రూల్ 4 కింద పునరుద్ధరణకి పిటిషన్ వేయాలి, దానికి 30 రోజులే. కాబట్టి రిటర్న్ ఏ తేదీన వచ్చిందో నాజరు సెక్షన్‌లో (కోర్టులో సమన్లు చూసే విభాగంలో) కనుక్కుని డైరీలో రాసుకోండి. వాయిదా రోజు దాకా ఆగొద్దు.

ప్రాసెస్ (సమన్లకి ఫీజు, కాగితాలు) కట్టేటప్పుడు ఒక్కో ప్రతివాదికి రెండు సెట్లు ఇవ్వండి, ఒకటి ప్రాసెస్ సర్వర్‌కి, ఒకటి పోస్టుకి. రెండిట్లోనూ దావా కాపీ ఉండాలి, అది ఆర్డర్ 5 రూల్ 2. ఉత్త సమన్ల కాగితం ఒక్కటే వెళితే అందుకున్నవాడు "దేని గురించో నాకేం తెలుసు" అంటాడు.

పోస్టు షరాల్లో తేడా ఉంది. "రెఫ్యూజ్డ్" అని వస్తే ఆర్డర్ 5 రూల్ 9 ప్రకారం సర్వ్ అయినట్టు కోర్టు ప్రకటిస్తుంది. సరైన చిరునామాకి రిజిస్టర్డ్ పోస్టులో ఎక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపినా, సమన్లు జారీ అయిన 30 రోజుల్లో ఆ కార్డు తిరిగి రాకపోతే అప్పుడూ అంతే. "అన్‌క్లెయిమ్డ్" అంటే చీటీ ఇచ్చినా వచ్చి తీసుకోలేదని. అక్కడ జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ఊహ (సరైన చిరునామాకి పోస్టు చేసింది అందినట్టే అనుకోవడం) మీకు పనికొస్తుంది, ఆ మనిషి ఆ చిరునామాలోనే ఉంటున్నాడని చూపగలిగితే. "డోర్ లాక్డ్" దానికంటే బలహీనం. "లెఫ్ట్" అని వచ్చిందా, మీ చిరునామా తప్పని మీ కవరే చెబుతోంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, బుక్ చేసేటప్పుడు రిజిస్ట్రేషన్, ప్రూఫ్ ఆఫ్ డెలివరీ రెండూ అదనంగా అడిగి తీసుకోండి. ట్రాకింగ్ పేజీ అదే వారం ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి.

దస్తీగా, అంటే చేతికిచ్చి పంపమని కూడా అడగొచ్చు, రూల్ 9ఎ. జడ్జిగారి సంతకం, కోర్టు ముద్ర ఉన్న కాపీ మీరే తీసుకెళ్లి ఇచ్చి సంతకం తెచ్చుకోవాలి. తీసుకోనంటే వెనక్కి వచ్చి కోర్టు ద్వారా మళ్లీ తీయించాలి, అంతేగానీ మీరే తలుపుకి అంటించి ఫోటో తీసుకొస్తే అది సర్వీసు కాదు. వాట్సాప్‌లో నీలి టిక్కులు వచ్చాయని మెమో వేసేవాళ్లూ ఉన్నారు. కోర్టు అనుమతి లేకుండా మీరు పంపిన వాట్సాప్ దేనికీ కొరగాదు.

పేపర్ ప్రకటనకి ఆర్డరు వచ్చాక: ప్రతివాది చివరిసారి నిజంగా ఉన్న ప్రాంతంలో జనం చదివే దినపత్రిక అయ్యుండాలి. లంకలో ఉండే మనిషికి హైదరాబాద్ ఎడిషన్‌లో వేస్తే పనికిరాదు, కోనసీమకి వచ్చే ఎడిషన్ అడగండి. వాయిదాకి ముందు రోజు అచ్చయితే అవతలి మనిషికి సమయం ఎక్కడిది? కనీసం రెండు మూడు వారాలు ఎడం ఉండేలా వాయిదా అడగండి. ప్రూఫ్‌లో పేరు, తండ్రి పేరు, దావా నెంబరు, వాయిదా తేదీ అక్షరం అక్షరం చూసుకుని, కోర్టుకి కత్తిరించిన ముక్క కాకుండా పత్రిక పేరూ తేదీ కనిపించే పూర్తి పేజీ దాఖలు చేయండి.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి. ఎక్స్ పార్టీ డిక్రీ రద్దుకి 30 రోజుల గడువు డిక్రీ తేదీ నుంచి. సమన్లు సరిగ్గా సర్వ్ కాకపోతే మాత్రం డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ వివరణలో, ఈ లెక్కకి పేపర్ ప్రకటన సరైన సర్వీసు కిందికి రాదని స్పష్టంగా ఉంది. అంటే ప్రకటనతో తెచ్చుకున్న డిక్రీ మీద ఆ తలుపు ఏళ్ల తరబడి తెరిచే ఉంటుంది. అందుకే చేతికిచ్చే దారి, అంటించే దారి పూర్తిగా ప్రయత్నించాకే అటు వెళ్లమంటున్నాను.

లంకరేవు జవాబు:

సాక్షుల సంగతి నేను చెబుతాను. సినిమాల్లో సబ్‌పీనా అంటారే, మన కోర్టుల్లో అది సాక్షి సమన్లు, ఆర్డర్ 16.

ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు) ఖరారైన 15 రోజుల్లో సాక్షుల జాబితా వేయాలి. ఎవరిని ఎందుకు పిలుస్తున్నారో పిటిషన్‌లో రాయాలి. బత్తా, దారి ఖర్చు పిటిషన్ పెట్టిన ఏడు రోజుల్లోపు కోర్టులో కట్టాలి. కట్టకపోతే సమన్లు కదలవు. సాక్షికి సర్వ్ చేసే పద్ధతి ప్రతివాదికి చేసినట్టే, సిద్ధపడి బయలుదేరడానికి సరిపడా సమయం ఉండాలి.

హైదరాబాదాయన గురించి: ఆర్డర్ 16 రూల్ 19 ప్రకారం కోర్టు పరిధి బయట ఉన్న సాక్షి 100 కిలోమీటర్ల లోపు దూరంలో ఉంటే రమ్మనొచ్చు. దూరంలో ఆరింట అయిదు వంతులు రైలో, బస్సో, అలాంటి ప్రజా రవాణా ఉంటే 500 లోపు వరకు పిలవొచ్చు. అమలాపురం నుంచి హైదరాబాదు 500 లోపే, బస్సుంది, కాబట్టి పిలవొచ్చు. పెద్దవయసో, ఆరోగ్యం బాగోలేదో అయితే కమిషన్ (కోర్టు పంపే అడ్వకేటు లాంటి మనిషి) వేయించి అక్కడే సాక్ష్యం తీసుకోవడం మేలు. సర్వ్ అయ్యాక కూడా రాకపోతే వెంటనే వారంటు అడగొద్దు. ఆయన సాక్ష్యం ఎందుకు కీలకమో, సమన్లు ఎలా అందాయో ముందు కోర్టుకి చూపాలి. ఆ తర్వాతే ప్రకటన, వారంటు, జప్తు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ సెక్షన్ కింద జరిమానా 5,000 రూపాయల దాకా వేయొచ్చు.

బ్యాంకు విషయంలో మేనేజరుని పిలవాలనుకోవడమే పొరపాటు. బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం 1891లో బ్యాంకు పార్టీ కాని కేసుల్లో, ప్రత్యేక కారణంతో కోర్టు ఆర్డరు ఉంటే తప్ప, అధికారిని పుస్తకాలు తెమ్మనడానికీ సాక్షిగా రమ్మనడానికీ వీల్లేదు. ఆ చట్టం ప్రకారం ధ్రువీకరించిన లెక్క కాపీయే సాక్ష్యం. మీది మీ పార్టీ ఖాతా అయితే బ్రాంచిలో అడిగి తీసుకోండి, ధ్రువీకరణ వాక్యం ఆ చట్టంలో ఉన్నట్టే ఉందో లేదో కౌంటరు దగ్గరే చదువుకోండి. అవతలివాళ్ల ఖాతా అయితే కోర్టు ఆర్డరు తీసుకుని, సెలవు రోజులు కాకుండా మూడు పూర్తి రోజుల ముందు బ్యాంకుకి అందజేయాలి.

కొబ్బరితోట:

అందరికీ ధన్యవాదాలు అండి. రెండో ఆయనకి మెమో వేస్తాను. ఒక్క సందేహం. మొదటాయన కువైట్ వెళ్లాడని ఊళ్లో ఒక మాట ఉంది. భార్య ఇక్కడే ఉంది, తాళం వేసి పుట్టింట్లో ఉంటోందట. ఆవిడకి ఇస్తే సరిపోతుందా?

గోదారిగట్టు:

కువైట్ మాట నిజమైతే లెక్క మారుతుంది. "కలిసి ఉంటున్న" కుటుంబ సభ్యులకే రూల్ 15. ఆయన కాపురం అక్కడ, ఆవిడ ఇక్కడ అయితే ఆ సర్వీసు మీద వాదన లేవదీస్తారు. తలుపుకి అంటించినా "నేను ఆ రోజుకి దేశంలోనే లేను" అని పాస్‌పోర్టు ముద్ర చూపిస్తాడు.

ముందు ఆయన ఎవరికైనా జనరల్ పవర్ (తన తరఫున పనులు చేసే అధికార పత్రం) ఇచ్చాడేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. గల్ఫ్ వెళ్లే ముందు మన దగ్గర చాలామంది ఇస్తారు. అందులో కోర్టు కాగితాలు తీసుకునే అధికారం రాసి ఉంటే ఆ ఏజెంటుకిచ్చిన సమన్లు ఆయనకిచ్చినట్టే. లేకపోతే రూల్ 25, అక్కడి చిరునామాకి నేరుగా పంపడం, లేదా కేంద్ర న్యాయ శాఖ ద్వారా. ఆ రెండో దారిలో కాగితాలన్నిటికీ అరబ్బీ అనువాదం తోడుండాలి, నెలలు పడుతుంది, వాయిదా కూడా అంత దూరం అడగాలి.

ఇదే భూమి దావా అయితే, మనిషికి గానీ ఏజెంటుకి గానీ ఇవ్వడం కుదరనప్పుడు, రూల్ 14 కింద ఆ తోట బాధ్యత చూసే మనిషికి ఇచ్చినా సరిపోయేది. మీది డబ్బు దావా కాబట్టి ఆ దారి లేదు.

లంకరేవు:

ఇంకొక్కటి. ఈసారి ప్రాసెస్ కట్టేటప్పుడు జూలై, ఆగస్టు వాయిదా పడితే వరద రోజుల్లో రేవులో పడవ ఆపేస్తారని మెమోలోనే రాయండి. "ఏరు దాటలేకపోయాను" అన్న రిటర్న్‌తో మీకు ఒరిగేదేమీ లేదు, కట్టిన బత్తా మాత్రం మళ్లీ కట్టాల్సి వస్తుంది.