గాలపగోస్ నౌకాయాత్ర ఆఖరి రోజు: అదే రోజు రాత్రికి అంతర్జాతీయ విమానం పెట్టుకోవచ్చా?

భీమిలి తీరం
ఫిబ్రవరిలో విశాఖ నుంచి ఆరుగురం ఈక్వడార్ దేశపు గాలపగోస్ ద్వీపాలకి వెళ్తున్నాం, అందరం అరవై అటూ ఇటూ. పదహారు మంది పట్టే నౌక, ఎనిమిది రోజులు. ఎనిమిదో రోజుకి కాగితంలో "ఉదయం బ్లాక్ టర్టిల్ కోవ్, తర్వాత బాల్ట్రా విమానాశ్రయం" అని ఒక్క ముక్కే ఉంది. మధ్యాహ్నం బాల్ట్రా (విమానాశ్రయం ఉన్న ద్వీపం) నుంచి గ్వాయాకిల్ (ఈక్వడార్ ప్రధాన భూభాగంలోని నగరం) చేరి, రాత్రికే ఇండియా వైపు విమానం ఎక్కేయొచ్చా? ఆ పూట ఏం చూడొచ్చు, ఏం జాగ్రత్తలు పడాలి?

డాల్ఫిన్స్ నోస్
ఎనిమిదో రోజుని రోజుగా లెక్కపెట్టకండి. మీకు దక్కేది ఉదయం మూడు గంటలే. మిమ్మల్ని దింపిన నౌకే మధ్యాహ్నానికి కొత్త వాళ్ళని ఎక్కించుకుంటుంది, మధ్యలో గదులు కడగాలి, దుప్పట్లు మార్చాలి. అందుకే మామూలుగా 5:30కి లేపుతారు, 6 గంటలకి పంగా (రబ్బరు పడవని అక్కడ అలాగే అంటారు), 7:30కి టిఫిను, 8:30 దాటాక దింపేస్తారు. భూమధ్యరేఖ పక్కనే కాబట్టి ఏడాది పొడవునా ఆరు గంటల ప్రాంతంలోనే తెల్లవారుతుంది.

సర్దుడు పనంతా ఏడో రోజు సాయంత్రమే అయిపోవాలి. చివరి స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి మీద ఈదడం) ఏడో రోజు మధ్యాహ్నమే ఉంటుంది, ఫిన్లు (కాళ్ళకి తొడిగే రెక్కలు), వెట్‌సూట్ ఆ సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. తడి బట్టలు డెక్ మీది తీగకి క్లిప్పు పెట్టి ఆరేయండి, ఉత్తినే వేస్తే గాలికి పోతాయి. ఉప్పు నీళ్ళలో తడిసినవి ముందు మంచినీళ్ళలో జాడించకపోతే తెల్లారినా చెమ్మగానే ఉంటాయి, ఉప్పు గాలిలో తేమని లాక్కుంటూనే ఉంటుంది. చెప్పుల అడుగున ఇసుక, విత్తనాలు బ్రష్‌తో దులపండి. పెట్టెలు చాలా నౌకల్లో ముందు రాత్రే గది బయట పెట్టమంటారు. మందులు, పాస్‌పోర్టు, పొద్దున వేసుకునే బట్టలు పొరపాటున అందులోకి పోకూడదు.

ఎర్రమట్టి దిబ్బలు
బ్లాక్ టర్టిల్ కోవ్ గురించి. శాంతా క్రూజ్ ద్వీపం ఉత్తరాన మడ అడవుల మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ అది. అక్కడ దిగనివ్వరు, ఈదనివ్వరు. లోపలికి వెళ్ళాక ఇంజిను ఆపేసి తెడ్లతో నడుపుతారు. చూడాల్సింది నీళ్ళలోకే: తెల్ల మొన రెక్క సొరచేపలు, వరసకట్టి పోయే బంగారు రంగు టేకు చేపలు, చుక్కల టేకు చేపలు, పచ్చ తాబేళ్ళు. ఈ తాబేళ్ళని అక్కడివాళ్ళు నల్ల తాబేళ్ళంటారు, ఆ చోటి పేరు అలా వచ్చిందే. మన ఆర్కే బీచ్‌లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ వేరు, ఇది వేరు. ఫిబ్రవరి అంటున్నారు కాబట్టి జతకట్టిన తాబేళ్ళు కనిపించే అవకాశం ఎక్కువ.

ఫోటోలకి పోలరైజర్ ఫిల్టర్ తప్పనిసరి. అది లేకపోతే నీటి మీద ఆకాశమే పడుతుంది, కింద సొరచేప కనిపించదు. పోలరైజర్ కొంత వెలుతురు తినేస్తుంది, పొద్దున్నే వెలుతురు తక్కువ కూడా, అందుకని ఐఎస్‌ఓ 800 నుంచి మొదలెట్టి షటర్ వేగం 1/500 సెకను కంటే తగ్గనివ్వకండి. పడవలో నిలబడొద్దు, ఒక్కరు లేచినా అందరి ఫోటోలూ కదిలిపోతాయి. గాలపగోస్ నేషనల్ పార్కులో ఫ్లాష్ నిషేధం, డ్రోన్ కూడా.

సింహాచలం మెట్లు
డబ్బు సంగతి. ఈక్వడార్‌లో 2000 నుంచి అమెరికా డాలరే చెల్లుతుంది. నౌకలో తాగిన వాటికి, అద్దెలకి బిల్లు ఆఖరి రాత్రి కట్టాలి. సముద్రం మీద సిగ్నల్ అందక కార్డు మిషను మొరాయించడం మామూలే. ఐదు, పది, ఇరవై నోట్లు పెట్టుకోండి. వందలు, యాభైలు చాలాచోట్ల తీసుకోరు, చిరిగినవి అసలే తీసుకోరు. టిప్పులకి రెండు కవర్లు ఇస్తారు, ఒకటి గైడుకి, ఒకటి సిబ్బంది అందరికీ కలిపి. వంటగదిలోనూ ఇంజిను గదిలోనూ ఉండేవాళ్ళు మనకి కనపడరు, ఆ రెండో కవరే వాళ్ళకి చేరేది. దాన్ని పలచగా ఉంచకండి.

కైలాసగిరి
విమానాశ్రయంలో సామాను స్కాన్ చేస్తారు. గవ్వ, పగడపు ముక్క, గుప్పెడు ఇసుక, లావా రాయి, ఏదీ తేకూడదు. కావాలని తేకపోయినా జేబుల్లో, స్నార్కెల్ సంచి అడుగున మిగిలిపోతుంటాయి, రాత్రే దులిపేయండి. తనిఖీ గట్టిగా ఉండటానికి కారణం ఉంది: 2021 మార్చిలో ఇదే బాల్ట్రాలో ఒక సూట్‌కేసులో 185 తాబేలు పిల్లలు దొరికాయి. ద్వీపాలకి వచ్చేటప్పుడు 20 డాలర్లకి ఇచ్చిన ట్రాన్సిట్ కార్డు (ద్వీపాల్లోకి రాకపోకల నమోదు చీటీ) ముక్క తిరిగి వెళ్ళేటప్పుడు అడుగుతారు, పాస్‌పోర్టులోనే ఉంచండి.

బాల్ట్రాలో బస్సు కిటికీలోంచి రోడ్డు పక్కన చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనిక స్థావరం ఉన్న ఆ ద్వీపం మీద నేల ఇగువానాలు పూర్తిగా అంతరించాయి. 1930ల్లో కొన్నిటిని పక్క ద్వీపం నార్త్ సీమోర్‌కి తరలించి ఉండబట్టి, 1991 నుంచి వాటి సంతతిని మళ్ళీ తెచ్చి వదిలారు. ఇప్పుడు రోడ్డు దాటేది ఆ సంతానమే.

డాల్ఫిన్స్ నోస్
విమానం ప్రశ్నకి: పెట్టుకోవద్దు. ద్వీపాల గడియారం ఈక్వడార్ ప్రధాన భూభాగం కంటే గంట వెనక. బాల్ట్రాలో 12కి ఎక్కితే, దాదాపు రెండు గంటల ప్రయాణం, గ్వాయాకిల్‌లో దిగేసరికి అక్కడ 3. కాగితం మీద రాత్రి విమానానికి టైము ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ద్వీపాల విమానం ఆలస్యమై, రెండూ వేర్వేరు టికెట్లయితే, రెండోదానికి పూచీ ఎవరూ ఉండరు. ఒక రాత్రి గ్వాయాకిల్‌లో ఆగండి. రాజధాని కీటోలో ఆగితే అది 2,850 మీటర్ల ఎత్తు, వారం రోజులు సముద్రమట్టంలో ఉన్న ఒంటికి తలనొప్పి, ఆయాసం రావచ్చు.

భీమిలి తీరం
సరే, గ్వాయాకిల్‌లో ఒక రాత్రి కలిపాం. యెల్లో ఫీవర్ టీకా తప్పదా?

కొత్త జాలరిపేట
భారత ప్రభుత్వం జాబితాలో ఈక్వడార్ ఉంది. అక్కణ్ణుంచి బయల్దేరిన ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే సర్టిఫికెట్ చూపాలి, లేకపోతే ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. గుర్తింపు ఉన్న కేంద్రంలోనే వేయించుకోవాలి. అరవై దాటినవాళ్ళకి ఈ టీకాతో దుష్ప్రభావాల ముప్పు కొంచెం ఎక్కువ, గుడ్డు పడనివాళ్ళకీ చిక్కే. కాబట్టి మీ ఆరుగురూ ముందు డాక్టరుతో మాట్లాడాకే టికెట్లు ఖరారు చేసుకోండి. ఆ టీకా సర్టిఫికెట్ అడిగేది ఇండియాలో మొదట దిగే చోట, హైదరాబాదో ఢిల్లీయో. పెట్టెలు కూడా అక్కడే తీసుకుని కస్టమ్స్ దాటించి, విశాఖకి మళ్ళీ వేయాలి.

దిగాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టు ఉంటుంది. దానికి అవోమిన్ లాంటి ప్రయాణపు వాంతుల మాత్రలు మింగుతూ పోకండి, నిద్రమత్తు తప్ప లాభం లేదు. నడిస్తే తగ్గుతుంది.

ఎర్రమట్టి దిబ్బలు
ఇంటికొచ్చాక కెమెరా. ఉప్పు పట్టిన లెన్సుని మన ఉక్కపోతలో సంచిలోనే వదిలేస్తే బూజు పడుతుంది. మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన మెత్తని గుడ్డతో బయట భాగం తుడిచి, బాగా ఆరనిచ్చి, 40–50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్లో గానీ, సిలికా జెల్ వేసిన గాలి చొరబడని డబ్బాలో గానీ పెట్టండి. నీటిలో వాడే కెమెరా అయితే మూత బిగించే ఉంచి పావుగంట మంచినీళ్ళలో నానబెట్టి, ప్రతి బటనూ నాలుగైదుసార్లు నొక్కాలి, ఉప్పు గడ్డకట్టేది వాటి సందుల్లోనే. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, ముందు రాత్రి గది బయట పెట్టే పెట్టెలో వేస్తే బాల్ట్రాలో పెట్టె తెరవాల్సి వస్తుంది.