హాసెల్‌బ్లాడ్ 500సీ/ఎమ్ కెమెరాకి కీవ్ 88 కెమెరా మీటర్ ప్రిజం సరిపోతుందా?

మాది విజయనగరం. మావయ్య స్టూడియో మూసేస్తూ తన 500సీ/ఎమ్, 80 ఎంఎం లెన్సు నాకిచ్చారు. పైనుంచి వంగి చూసే ఫైండర్. కోట గోడలు తీసినంతకాలం బాగానే ఉంది. పోయిన సిరిమానోత్సవంలో మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ఆ ఫైండర్‌లో కుడి ఎడమలు తారుమారు కదా! సిరిమాను మూడులాంతర్ల నుంచి కోట వైపు కదిలితే నేను కెమెరాని రెండో వైపు తిప్పాను. రోల్‌కి 12 ఫ్రేములే, తొమ్మిది పోయాయి. కీవ్ ప్రిజం (కంటికి ఆనించి చూసే, కుడి ఎడమలు సరిగ్గా చూపించే, వెలుతురు కూడా కొలిచే ఫైండర్) తక్కువకి దొరుకుతోంది. కొననా?

శ్రీకాకుళం నుంచి: కొను తమ్ముడూ, సరిపోతుంది. నేను అరసవల్లిలో దానితోనే తీస్తాను. మేగజైన్ (ఫిల్ము ఉండే వెనక డబ్బా) తీసి, పాత ఫైండర్‌ని వెనక్కి జరిపితే వచ్చేస్తుంది. కానీ ప్రిజంకీ లెన్సుకీ లింకు ఉండదు. ఫిల్ము స్పీడు, లెన్సు గరిష్ఠ ఎపర్చర్ (లెన్సు అన్నిటికన్నా ఎక్కువ తెరుచుకునే అంకె) డయల్ మీద నువ్వే పెట్టాలి. 80కి 2.8. తర్వాత 150 తగిలిస్తే 4కి మార్చు, లేదంటే ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపో సగమో) తేడా వస్తుంది.

బొబ్బిలి నుంచి: పెంటాక్స్ 67 ఉన్నవాళ్లు దీన్ని అనుసరించకండి. దాని టీటీఎల్ (లెన్సు గుండా వచ్చే వెలుతురు కొలిచే) ప్రిజం లెన్సుతో గొలుసు ద్వారా కలుస్తుంది. లెన్సు తీసి, ప్రిజం పెట్టి, ఆ తర్వాతే లెన్సు.

విజయనగరం: థాంక్స్ అన్నా. మావయ్య వెలుగు ఎక్కువిచ్చే కొత్త స్క్రీన్ (ఫైండర్ కింద బొమ్మ పడే అద్దం) వేయించారు. ఇబ్బందా?

శ్రీకాకుళం: ఉండొచ్చు. మీటర్ వెలుతురు ఎక్కువుందని నమ్మి నెగెటివ్ పల్చగా వచ్చేలా చెబుతుంది. ఎండలో బూడిదరంగు గోడని చేతి మీటర్‌తో పోల్చి చూడు. తేడా ఎంతుంటే అంత ఐఎస్ఓ (ఫిల్ము స్పీడు) డయల్ మీద తగ్గించి పెట్టు. పండక్కి ముందే ఒక రోల్ ఖర్చుపెట్టు.