సిమెంటు లోడింగుకు కొత్త లారీయా, పాతదా?

జగ్గయ్యపేట కుర్రాడు: ఇక్కడి ఫ్యాక్టరీల నుంచి సిమెంటు తోలడానికి పది చక్రాల లారీ కొనాలి. కొత్తదైతే 30 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకు 63,741 వాయిదా. 2018 నాటి బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) బండికైతే 12 లక్షలు, 15 శాతం, మూడేళ్లు, నెలకు 41,600. నాన్న పాతది చాలంటున్నారు, బావ కొత్తదే కొనమంటున్నాడు.

గేరుబండి: బావ మాట వినండి తమ్ముడూ. వాయిదాల్లో తేడా 22 వేలే. నెలకు 6,000 కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు నాలుగు కిలోమీటర్లిచ్చే కొత్త బండికి 1,500 లీటర్లు పడతాయి, మూడున్నర ఇచ్చే పాతదానికి 1,714. లీటరు 97 లెక్కన ఆ తేడా 20,800 రూపాయలు డీజిల్‌కే పోయాయి. క్లచ్చు, గేరుబాక్సు ఇంకా లెక్కలోకే రాలేదు. అన్నట్టు, 2018లో ఏ నెల బండి? పది చక్రాల లారీ మొత్తం బరువు (బండి, సరుకు కలిపి) పరిమితి 25 నుంచి 28.5 టన్నులకు పెరిగింది ఆ జులైలోనే. ఆర్‌సీలో 25 ఉంటే ప్రతి లోడుకూ మూడున్నర టన్నుల కిరాయి వదులుకున్నట్టే.

పాతబండి: 6,000 ఎక్కడ తిరుగుతుందండీ? ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో పడిగాపులు పడే రోజులు, హమాలీలు దొరక్క దిగుమతి ఆగిపోయే పూటలు ఎవరి ఖాతాలో రాస్తారు? 3,000 తిరిగితే మీ డీజిల్ తేడా 10,400కు దిగుతుంది. వాయిదా మాత్రం రూపాయి దిగదు. పాతది మూడేళ్లకు అప్పు తీరి సొంతమవుతుంది, కొత్తదానికి ఇంకా రెండేళ్లు కట్టాలి. పైగా కొత్త బీఎస్6 బండికి యాడ్‌బ్లూ (పొగను శుద్ధి చేసే ద్రవం) పోయాలి, సెన్సరు చెడితే కంపెనీ వర్క్‌షాపుకు పరుగెత్తాలి. పాతదాన్ని విజయవాడ ఆటోనగర్‌లో ఏ మేస్త్రీ అయినా విప్పుతాడు.

గేరుబండి: సొంతమయ్యాక ఎన్నాళ్లు తోలుతారు? ఇలాంటి మల్టీ యాక్సిల్ (రెండుకు మించి ఇరుసులున్న) బండికి నేషనల్ పర్మిట్ 15 ఏళ్ల వరకే. ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.

పాతబండి: చుట్టుపక్కల తిరిగే బండికి నేషనల్ పర్మిట్ దేనికి?

గేరుబండి: కోదాడకు ఒక్క లోడు వేసినా రాష్ట్రం దాటినట్టే కదా!

పద్దుపుస్తకం: ఆదాయపు పన్ను సంగతి ఇద్దరూ వదిలేశారు. పదికి మించి బండ్లు లేనివారు అంచనా ఆదాయ పద్ధతి ఎంచుకుంటే, 12 టన్నులు దాటిన బండికి నెలకు టన్నుకు వెయ్యి చొప్పున ఆదాయం చూపాలి. 28.5 టన్నులకు ఏడాదికి 3,42,000, బండి షెడ్డులో ఉన్నా సరే. ఆ పద్ధతిలో అప్పు వడ్డీని విడిగా తగ్గించుకోనివ్వరు. కొత్త బండి మీద కట్టే ఎనిమిది లక్షల పైచిలుకు వడ్డీకి ఊరట ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

జగ్గయ్యపేట కుర్రాడు: ఆర్‌సీ చూశాను, 25 అనే ఉంది. ఇక 12 లక్షలకు కొనేది లేదు. అదే ఫ్యాక్టరీకి తోలే ఓనర్లను నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో అడిగి, అప్పుడు నాన్నతో కూర్చుంటాను.