టైగర్ బ్యాగు చూశాక నా వెడ్జ్‌ల గురించి సందేహం

బెంగళూరులో గోల్ఫ్ ఆడతాను. టైగర్ వుడ్స్ సెట్‌లో చివరి రెండు వెడ్జ్‌లు (దగ్గరి దూరాలకు వాడే క్లబ్బులు) 56, 60 డిగ్రీలు. ఆయన ఐరన్లు పాతకాలపు లాఫ్ట్‌లవి (లాఫ్ట్ అంటే క్లబ్ ముఖం వాలు, డిగ్రీల్లో) కాబట్టి పిచింగ్ వెడ్జ్‌కీ 56కీ మధ్య ఖాళీ తక్కువ. నా క్యావిటీ బ్యాక్ (వెనక గుల్లగా ఉండే ఐరన్ల) సెట్‌లో పిచింగ్ వెడ్జే 43, ఆ తర్వాత నేరుగా 56. ఫుల్ స్వింగ్‌లో మొదటిది 115 గజాలు, రెండోది 75. మధ్యలో 40 గజాలకు క్లబ్బే లేదు!

48, 52 కొందామంటే మొత్తం 15 క్లబ్బులవుతాయి, పరిమితికి ఒకటి ఎక్కువ. 4 ఐరన్ తీసేయొచ్చా? 5 ఐరన్‌కీ దానికీ దూరంలో తేడా ఎలాగూ రావట్లేదు.

షాఫ్ట్ (క్లబ్ కడ్డీ) సంగతి: టైగర్ వాడే ఎక్స్100 షాఫ్ట్ సుమారు 130 గ్రాములు, నా ఐరన్లవి 95, రెగ్యులర్ ఫ్లెక్స్ (మామూలు వంపు). అంత బరువు నాకు పనికిరాదు. కొత్త వెడ్జ్‌లకు 105–110 పెట్టాలా, 95 ఉంచాలా?

అసలు చిక్కు బౌన్స్ (క్లబ్ అడుగుభాగం నేలతో చేసే కోణం) దగ్గర. నా క్లబ్ నిటారుగా దిగి పెద్ద డివట్ (పచ్చిక పెళ్ల) తీస్తుంది. వానాకాలం మెత్తటి నేలలో 8 డిగ్రీలైతే తవ్వుకుపోతుంది. ఎండాకాలం గట్టి నేలమీద 12 అయితే క్లబ్ ఎగిరి బంతి మధ్యభాగానికి తగులుతుంది. 52కి ఏది తీసుకోమంటారు? 51 కొని ఒక డిగ్రీ వంచితే బౌన్స్ కూడా ఒకటి పెరుగుతుంది కదా, ఆ దారిలో వెళ్లినవాళ్లున్నారా?