పిల్లల మధ్య పని చేసే వాలంటీర్లకి ట్రైనింగ్‌లో ఏం నేర్పించాలి? (ఆదోని సైడ్)

ఆదోని_యూత్:
అందరికీ వందనాలు. మాది ఆదోని దగ్గర పల్లె, సంఘంలో యూత్ పని నేనే చూస్తుంటా. మా సైడ్ సంగతి తెలిసిందే కదా, కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం ఇటంతా పత్తి పని అయిపోయిందంటే జనం మూటాముల్లె కట్టుకుని గుంటూరు సైడ్ మిరపకాయల పనికి పోతారు, కొందరు పిల్లోళ్ళని ఎంటబెట్టుకుని పోతారు, కొందరు అవ్వ దగ్గర వదిలి పోతారు, బడిలో చూస్తే బెంచీలు ఖాళీ.

మా దగ్గర బైబిల్ ట్రైనింగ్ చేసొచ్చినోళ్ళు, సండే స్కూల్ టీచర్లు కలిపి పది పదిహేను మంది ఉన్నారు, ఈ పిల్లల కోసం ఏమన్నా చేయాలని మనసుంది. పెద్దలేమో హాస్టల్ పెడదాం, ఇరవై మందిని పెట్టుకుంటే బయట నుంచి సపోర్ట్ వస్తాది అంటున్నారు. ఇంకో బ్రదర్ రెండు రోజుల సెమినార్ పెట్టి సర్టిఫికెట్ ఇస్తా అంటున్నాడు. నాకు రెండూ నచ్చట్లేదు, ఎందుకో సరిగ్గా చెప్పలేకపోతున్నా. మావాళ్ళకి యాక్షన్ సాంగ్స్ వచ్చు, కథ చెప్పడం వచ్చు, వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ క్లాసులు) అయితే చెప్పే పనే లేదు. కానీ తొమ్మిదో తరగతి పిల్ల వచ్చి "అక్కా, నాకు సంబంధం చూస్తాండారు" అంటే ఏం చేయాలో ఒక్కరికీ తెలీదు, ప్రేయర్ చేసి పంపించేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి.

కడప_సోషల్‌వర్కర్:
తమ్ముడూ, ముందు హాస్టల్ మాట పక్కన పెట్టు. పిల్లల్ని తెచ్చి పెట్టుకోవడం మన ఇష్టం కాదు ఇప్పుడు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం దిక్కులేని పిల్లల్ని పెట్టుకునే ఏ హోమ్ అయినా రిజిస్టర్ కావాల్సిందే, గవర్నమెంట్ డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా. లేకుండా నడిపితే సెక్షన్ 42, ఏడాది వరకు జైలు లేదా లక్షకి తగ్గకుండా ఫైన్, రెండూ పడొచ్చు. దొరికిన పిల్లని 24 గంటల్లో చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు పెట్టాలి, ఆ పిల్ల ఎక్కడుండాలో తేల్చేది కమిటీ, పాస్టర్ గారు కాదు, సంఘ కమిటీ కూడా కాదు.

అసలు విషయం వేరే ఉంది. నేను తిరిగిన హోముల్లో అనాథలని రాసిన పిల్లల్లో చానా మందికి అమ్మ ఉంటాది, లేదంటే మేనమామో జేజియో ఉంటారు. వాళ్ళకి లేనిది డబ్బులే. దానికి మిషన్ వాత్సల్య అని పిల్లల రక్షణకి సెంట్రల్ గవర్నమెంట్ స్కీమ్, అందులో స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకి 4000, పిల్ల ఇంట్లోనే ఉంటాది. తండ్రి పోయిన పిల్లలు, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరిగేవాళ్ళు, పెద్ద జబ్బు చేసిన ఇళ్ళు, ఇలాంటోళ్ళకి. పల్లెల్లో ఏడాది ఆదాయం 72,000 దాటకూడదు. అప్లికేషన్ జిల్లా చైల్డ్ ప్రొటెక్షన్ యూనిట్‌లో. ఆధార్, ఇన్‌కమ్ సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, బ్యాంక్ అకౌంట్ అని ఒక్కో కాగితానికీ ఒక్కో చోటికి తిరగాల, మొగుడు పోయి కూలికి పోయే ఆడమనిషికి ఆ తిరుగుడు ఎట్ల కుదురుతుంది చెప్పు, కూలి పోతాది, ఆఫీసులో రేపు రా అంటారు, మూడోసారికి ఇడిసిపెడతాది. నీ వాలంటీర్ ఒకడు ఆమెతో పాటు సచివాలయానికి పోయి డెత్ సర్టిఫికెట్ తెప్పిస్తే అది పరిచర్య కాదా? నన్నడిగితే ట్రైనింగ్‌లో సగం రోజు ఆ అప్లికేషన్ నింపించడమే పెట్టు, ఊరికే చెప్పడం కాదు, పెన్ను చేతికిచ్చి నింపించు.

బయట సపోర్ట్ అన్నారు కదా. 2017లో కంపాషన్ ఇంటర్నేషనల్ (పిల్లలకి స్పాన్సర్లని చూసే అమెరికా క్రైస్తవ సంస్థ) మన దేశంలో పని ఆపేసింది గుర్తుందా, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) గొడవలో. ఆ డబ్బు మీద నడిచిన సెంటర్లు మూతపడ్డాయి. ఇంట్లో ఉండే పిల్లకి సాయం ఆగితే కష్టమే, కానీ ఇల్లయితే ఉంటాది. హోమ్‌లో పెట్టుకున్న పిల్ల సంగతేంది మరి?

గుత్తి_అక్క:
పైన చెప్పింది కరెక్టే కానీ అదొక్కటే అయితే వాలంటీర్లు కాగితాల మనుషులైపోతారు. నేను సండే స్కూల్ టీచర్లకి క్లాసులు తీసుకుంటా, అన్నింటికంటే ఎక్కువ టైమ్ పట్టేది పిల్ల చెప్పేది వినడం నేర్పించడానికే. ఇద్దరిద్దర్ని కూర్చోబెడతా, ఒకరు పిల్ల, ఒకరు టీచర్. పిల్ల అయినామె చున్నీ అంచు వేలికి చుట్టుకుంటా "అక్కా ఒకటి చెప్తా, ఎవరికీ చెప్పొద్దు" అంటుంది. పదిలో ఎనిమిది మంది టీచర్లు వెంటనే "ఒట్టు, చెప్పను" అనేస్తారు. అక్కడ ఆపేస్తా. ఆ మాట ఇవ్వకూడదు, ఎందుకంటే నిలబెట్టుకోలేం. "నీకు మంచి జరగడానికి ఎవరికి చెప్పాల్నో వాళ్ళకే చెప్తా, ముందు నీకు చెప్పి చేస్తా" అనాలి. అది నోటికి రావడానికి మళ్ళీ మళ్ళీ చేయించాలి, నమ్ము.

తర్వాత వచ్చే తప్పు ప్రశ్నలు. "ఎవరు? మామేనా? ఎక్కడ ముట్టుకున్నాడు?" అని మనమే పోలీసులం అయిపోతాం. అట్ల అడిగితే పిల్ల భయపడుతుంది, రేపు కోర్టులో నువ్వే నేర్పించినావు అంటారు. "ఊ, తర్వాత?" అనడం చాలు, చెప్పినంత వినాలి, ఇంటికి పోయినాక పిల్ల మాటల్లోనే రాసి పెట్టుకోవాలి, తేదీ వేసి.

ఇది అందరికీ గట్టిగా చెప్పు: లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) సెక్షన్ 19 కింద పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21, ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసేవాడి తప్పుని సంస్థ పెద్ద దాస్తే ఏడాది వరకు. "సంఘం పేరు పోతుంది, మనలో మనం సర్దుకుందాం" అనే పెద్దలు ప్రతి చోటా ఉంటారు, వాళ్ళని కూడా ఆ రోజు క్లాసులో కూర్చోబెట్టు, వెనక వరసలో కాదు ముందు వరసలో.

పెళ్ళి సంగతి అడిగావు కదా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు, ఐసీడీఎస్ (అంగన్‌వాడీల) సూపర్‌వైజర్‌కి చెప్పొచ్చు, 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పెళ్ళి ఆపమని మేజిస్ట్రేట్ ఆర్డర్ కూడా ఇస్తారు. కానీ పెళ్ళి ఆపేసి చేతులు దులుపుకుంటే ఆ పిల్లని ఇంట్లో ఎట్ల చూస్తారో ఆలోచించు, తర్వాత నెల నెలా ఆ ఇంటికి పోయేవాళ్ళు ఉండాలి, వీలైతే కస్తూర్బా స్కూల్లో సీటు చూడాలి.

ఎమ్మిగనూరు_సార్:
నేను క్రైస్తవుణ్ణి కాదు, గవర్నమెంట్ టీచర్ని, థ్రెడ్ కనబడితే చదివినా. మంచి పనే. ఒక్క మాట, ఏమనుకోవద్దు. మా బడి పిల్లలకి ఒకరొచ్చి నోట్ బుక్కులు పంచినారు, ప్రార్థనకి వచ్చినోళ్ళకే ఇచ్చినారు, ఊర్లో పెద్ద గొడవైంది, ఆ గొడవలో పిల్లలే నలిగిపోయినారు. సాయం సాయమే, ప్రార్థన ప్రార్థనే, రెండూ కలపొద్దని మీ ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్పండి. అమ్మానాయనకి తెలీకుండా ఏదీ వద్దు.

ఇంకోటి ఫోటోలు. మా పిల్ల ఏడ్చే మొహం ఎవరి వాట్సాప్‌లోనో, ఎవరి న్యూస్ లెటర్‌లోనో "తండ్రి తాగుబోతు, తల్లి పారిపోయింది" అని ఊరు పేరుతో సహా తిరుగుతుంటే ఆ పిల్ల రేపు బడికి ఎట్ల వస్తుంది? ఇట్లాంటి పిల్లల వివరాలు బయటపెట్టకూడదని జేజే (జువెనైల్ జస్టిస్) చట్టం సెక్షన్ 74లోనే ఉంది.

వలస పిల్లలకైతే సీజనల్ హాస్టల్ ఉంటుంది, సమగ్ర శిక్ష కింద, ఊర్లో బడిలోనే. అమ్మానాయన పోకముందే హెడ్ మాస్టర్ దగ్గర పేర్లు రాయించాలి, లారీ ఎక్కినాక లాభం లేదు. మీవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఎవరెవరు పోతున్నారో లిస్టు రాసిస్తే నాలాంటోడికి అంతకంటే ఏం కావాల.

జమ్మలమడుగు_అయ్యగారు:
అందరూ హాస్టల్ అంటే తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు, కొంచెం బాధేసింది. ధాత కరువు నాడు, అంటే 1876-78లో, మన సీడెడ్ జిల్లాల్లో (ఇప్పటి రాయలసీమ, బళ్ళారి సైడ్) తల్లీతండ్రీ పోయిన పిల్లల్ని చేరదీసింది మిషన్ వాళ్ళే. బోర్డింగ్ లేకపోతే నాలాంటోడు పలక పట్టేవాడు కాదు, మా తరంలో మాల మాదిగ పిల్లలు చదివిందే బోర్డింగుల్లో. దిక్కులేని పిల్లల్ని, విధవరాండ్రని ఇబ్బందిలో పరామర్శించమనే యాకోబు 1:27 చదివి ఊరుకోమంటారా?

కడప_సోషల్‌వర్కర్:
అయ్యగారూ, మా నాయన కూడా బోర్డింగ్‌లోనే చదివినాడు, ఆ రుణం మర్చిపోలేదు. ఆ రోజు ఊర్లో బడి లేదు, ఉన్నా మనల్ని లోపలికి రానీలేదు, అందుకని బోర్డింగ్ కావాల్సొచ్చింది. ఇప్పుడు బడి ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది. నిజంగా ఎవరూ లేని పిల్లలకి హోమ్ కావాల్సిందే, కాదనట్లేదు, రిజిస్టర్ చేసి పెట్టండి. తల్లి ఉన్న పిల్లని ఎందుకు తీసుకోవాల అనేదే నా మాట. ఆ వాక్యంలో ఉన్నది కూడా వాళ్ళని పరామర్శించమనే, అంటే మనమే వాళ్ళ ఇంటికి పోవాల.

జమ్మలమడుగు_అయ్యగారు:
సరేమ్మా, ఆ మాట ఒప్పుకుంటా. కానీ ఇళ్ళకి తిరిగే పనికి ఎవడూ కానుక ఇవ్వడు, బిల్డింగ్ అంటే ఇస్తారు. అది కూడా ఆ తమ్ముడికి చెప్పండి.

ఆదోని_యూత్:
అయ్యగారూ నిజం చెప్పినారు, మా పెద్దలతో తగువు అక్కడే వస్తాది 😀 అందరికీ థ్యాంక్స్. సెమినార్ బ్రదర్‌కి వద్దని చెప్పేస్తా. శనివారం శనివారం పెట్టుకుంటాం, ముందు గుత్తి అక్క చెప్పిన వినే ప్రాక్టీస్, తర్వాత అప్లికేషన్లు, మధ్యలో సార్ చెప్పిన లిస్టు. పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయిద్దాం అనుకుంటున్నా, నాతో సహా. ఒక డౌట్, చైల్డ్ ప్రొటెక్షన్ యూనిట్ వాళ్ళు పల్లెకి వచ్చి క్లాస్ చెప్తారా, మనమే కర్నూలు పోవాల్నా?

గుత్తి_అక్క:
వెరిఫికేషన్ మంచిదే, దాంతో పాటు ఇంకో రూల్ పెట్టు, ఏ పెద్ద మనిషీ ఒక్క పిల్లతో తలుపేసిన గదిలో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు. పాస్టర్ గారికీ అదే రూల్. మా దగ్గరైతే పిలిస్తే వచ్చినారు, సంఘం లెటర్ హెడ్ మీద రాసి నువ్వే స్వయంగా పోయి ఇచ్చిరా, ఫోన్‌లో అయితే పని కాదు. ఆదివారం మాత్రం పిలవొద్దు, వాళ్ళకి సెలవు. రెండో శనివారం కూడా చూసుకో.