నందరంధ్రగ్రహ: చోడగంగ పట్టాభిషేకం 1077లోనా, 1078లోనా?

టెక్కలి, గ్రూప్-2 అభ్యర్థి:

పెద్దలందరికీ నమస్కారం. కళింగను ఏలిన గాంగరాజు అనంతవర్మ చోడగంగదేవుడి పట్టాభిషేకం ఒక పుస్తకంలో 1077 అని ఉంది, ఇంకోదాంట్లో 1078 అని ఉంది. రెండు పుస్తకాలూ ఆధారంగా చూపించేది ఒకే పాదం: "శాకాబ్దే నందరంధ్రగ్రహగణగణితే కుంభసంస్థే దినేశే". ఇందులో సంవత్సరం ఎక్కడుందో, అంకె ఎలా తీయాలో చెప్పండి. శకానికి 78 కలపాలని మాత్రం తెలుసు. బిట్టులో రెండూ ఇస్తే దేనికి టిక్కు పెట్టాలి?

నరసన్నపేట, తెలుగు ఉపాధ్యాయుడు:

బాబూ, వీటిని భూతసంఖ్యలు అంటారు. అంకెకు బదులు, ఆ లెక్కలో లోకానికి తెలిసిన వస్తువు పేరు వేస్తారు. నందులు తొమ్మిదిమంది, ఒంట్లో రంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. అంటే 9, 9, 9. శకం 999. "గణగణితే" అంటే ఆ గుంపుతో లెక్కించినది అని, దాన్లో అంకె ఏమీ లేదు. చాలామంది "గణ"కి కూడా ఏదో విలువ కట్టబోయి నాలుగంకెలు తెచ్చుకుంటారు. అది వద్దు.

చదివే దిక్కు మాత్రం ముందే పట్టుకోవాలి. "అంకానాం వామతో గతిః": మొదటి మాట ఒకట్ల స్థానం, రెండోది పదులు, మూడోది వందలు. చోడగంగ శ్లోకంలో మూడూ తొమ్మిదులే కాబట్టి ఎటు చదివినా తేడా రాదు. అందుకే ఈ ఒక్క శ్లోకంతో నేర్చుకుంటే పద్ధతి రాదు. వాళ్ల తాత వజ్రహస్తుడి శ్లోకం పక్కన పెట్టుకో: "వియదృతునిధిసంఖ్యాం యాతి శాకాబ్దసంఘే". వియత్ అంటే ఆకాశం, 0. ఋతువులు 6. నిధులు 9. రాసిన వరస 0, 6, 9. వెనకనుంచి చదివితే 960. 78 కలిపితే 1038. వజ్రహస్తుడి పట్టాభిషేక సంవత్సరం అదే.

ఈ శ్లోకం మన నడగాం తామ్రశాసనంలో ఉంది. దాన్ని ప్రకటించింది గిడుగు రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగమే గాంగుల రాజధాని కళింగనగరమని వాదించిందీ ఆయనే. వ్యావహారిక భాష ప్రశ్నల్లో ఆయన పేరు అందరికీ గుర్తుంటుంది గాని, శాసనాల పని సంగతి పరీక్షకు చదివేవాళ్లలో చాలామందికి తెలియదు. ఈ జిల్లా పిల్లలైనా తెలుసుకోవాలి.

విజయనగరం, చరిత్ర అధ్యాపకురాలు:

మాస్టారు అంకె తీశారు, నేను సంవత్సరం సంగతి చెప్తాను. 1077, 1078 తేడా పుట్టింది ఇక్కడే.

శకానికి 78 కలపాలన్నది సగం సూత్రం. శకసంవత్సరం చైత్రంలో మొదలై ఫాల్గుణంలో ముగుస్తుంది. మధ్యలో, పుష్య మాఘాల దగ్గర, ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. కాబట్టి చైత్రం నుంచి డిసెంబరు చివరిదాకా జరిగినదానికి 78, జనవరి నుంచి ఫాల్గుణం చివరిదాకా జరిగినదానికి 79 కలపాలి. ఇప్పుడు పాదం చివరికి రండి: "కుంభసంస్థే దినేశే". సూర్యుడు కుంభంలో ఉన్నాడు. అంటే ఫిబ్రవరి. 999కి 79 కలపాలి, 1078 వస్తుంది. నెల చూడకుండా 78 కలిపిన పుస్తకానికి 1077 వచ్చింది.

రెండో పాదం "శుక్లే పక్షే తృతీయాయుజి రవిజదినే రేవతీభే నృయుగ్మే". శుద్ధ తదియ, రేవతీ నక్షత్రం, మిథున లగ్నం. వారం దగ్గర జాగ్రత్త. "రవిజ" చూసి ఆదివారం అనుకుంటారు. రవిజుడంటే రవి కొడుకు, శని. కాబట్టి శనివారం. ఇవన్నీ కలిసే తేదీ 1078 ఫిబ్రవరి 17. ఆ రోజు నిజంగానే శనివారం. రాజు కాలాన్ని పండితులు ఇంత కచ్చితంగా చెప్పగలిగేది వారం, తిథి, నక్షత్రం మూడూ ఒకదానికొకటి సాక్ష్యం పలికినప్పుడే.

వజ్రహస్తుడి 960కి 78 కలిపితే ఎందుకు సరిపోయిందంటే, అది వేసవి ముహూర్తం. శుద్ధ తదియ, రోహిణి, ఆదివారం. 1038 ఏప్రిల్ 9 ఆదివారమే అయింది.

బిట్టు సంగతి: 1078 ఉంటే 1078. అది లేక 1077 ఒక్కటే ఉంటే అదే పెట్టండి, ప్రశ్న రాసినవారు చూసిన పుస్తకం అది. 1077–78 అని జంటగా ఇస్తే ఆ జంట శక 999కి సరిగ్గా సరిపోతుంది, అనుమానం అక్కర్లేదు.

ఆమదాలవలస:

మేడమ్, నడగాం శాసనం తేదీ శక 979 అని చదివాను. మాస్టారు 960 అంటున్నారు. ఏది సరైనది?

విజయనగరం, చరిత్ర అధ్యాపకురాలు:

రెండూ సరైనవే. 960 పట్టాభిషేకం, 979 ఆ దానం చేసిన సంవత్సరం. తామ్రశాసనంలో ముందు వంశావళి, తర్వాత రాజు ప్రశస్తి, ఆ తర్వాత దానం పుచ్చుకున్నవారి పేరు, పొలిమేరలు వస్తాయి. పట్టాభిషేక శ్లోకం ప్రశస్తిలోది. రాజు బతికినన్నాళ్లూ ప్రతి శాసనంలో అదే శ్లోకం మళ్లీ మళ్లీ చెక్కుతారు. దానం తేదీ దాని తర్వాత విడిగా వస్తుంది. "శాసనం ఏ సంవత్సరానిది" అని అడిగితే ఒకటి, "రాజు ఎప్పుడు సింహాసనం ఎక్కాడు" అంటే ఇంకొకటి.

ఇంకో చిక్కు: ఈ వజ్రహస్తుణ్ణి కొందరు మూడోవాడంటారు, కొందరు ఐదోవాడంటారు. మనిషి ఒక్కడే. 1038 నుంచి 1070 దాకా పాలించి త్రికళింగాధిపతి అనిపించుకున్నవాడు. కొడుకు రాజరాజ దేవేంద్రవర్మ 1070–1078, మనవడు చోడగంగ. వరస సంఖ్య కాకుండా ఈ మూడు తరాలనూ, 1038, 1070, 1078 అనే మూడు సంవత్సరాలనూ పట్టుకుంటే పుస్తకం మారినా తడబడరు.

బొబ్బిలి, సంస్కృతం పాఠకుడు:

ఛందస్సు మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. సున్నాకి ఖ, గగన, అంబర, శూన్య, వియత్ ఇన్ని మాటలుండగా వజ్రహస్తుడి కవి "వియత్" ఎందుకు పట్టుకున్నాడు? ఆ శ్లోకం మాలిని. న, న, మ, య, య గణాలు. పాదం మొదట ఆరు లఘువులు రావాలి. వి-య-దృ-తు-ని-ధి. సరిగ్గా ఆరు! సంవత్సరం మొత్తం ఆ రెండు నగణాల్లో సర్దేశాడు. ఎంత ముచ్చటగా కుదిరిందో గురువు లఘువు గుర్తులు పెట్టి చూడండి.

కొన్ని నోట్సుల్లో దీన్ని "వియద్రుతు" అని రాస్తారు. అది తప్పు. "దృ"లో ఉన్నది ఋకారం, అచ్చు. సంయుక్తాక్షరం కాదు కాబట్టి ముందున్న "య" లఘువుగానే ఉంటుంది. "ద్రు" అని రాస్తే ద, ర కలిసి "య"ని గురువు చేస్తాయి, రెండో అక్షరం దగ్గరే మాలిని విరిగిపోతుంది. పాఠం సరైనదో కాదో తేల్చడానికి ఛందస్సు ఇలా పనికొస్తుంది. చోడగంగ శ్లోకం స్రగ్ధర. పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు, మొదట మూడు గురువులు: శా-కా-బ్దే. అందుకని అక్కడ అంకెలు రెండో మాటగా వచ్చాయి.

రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడిది వసంతతిలకం: "యో రక్షితుం వసుమతీం శకవత్సరేషు వేదాంబురాశినిధివర్తిషు సింహగేఽర్కే". వేదాలు 4, అంబురాశి 4, నిధులు 9. శక 944. సూర్యుడు సింహంలో, అంటే ఆగస్టు, 78 చాలు. 1022. బహుళ విదియ, గురువారం, ఆగస్టు 16. రాజరాజు పాలన 1019–1061 అని పుస్తకాల్లో ఉంటుంది, అది తండ్రి విమలాదిత్యుడి తర్వాత లెక్క. అన్నదమ్ముల తగవు తీరి పట్టాభిషేకం జరిగింది మాత్రం 1022లో. ప్రశ్నలో "పట్టాభిషేకం" అన్న మాట ఉందా, "పాలన ఆరంభం" అని ఉందా చూసుకోవాలి.

టెక్కలి, గ్రూప్-2 అభ్యర్థి:

మాస్టారూ, అంబురాశి 4 ఎలా అయింది? సప్తసముద్రాలు కదా?

నరసన్నపేట, తెలుగు ఉపాధ్యాయుడు:

మంచి ప్రశ్న వేశావు. ఎక్కువమంది బోల్తాపడేది ఇలాంటి మాటల దగ్గరే. భూతసంఖ్యల్లో అబ్ధి, అంబుధి, సాగర అన్నీ 4. చతుస్సముద్ర పరివేష్టితమైన భూమి అన్న లెక్క. ఏడుకు గిరి, అద్రి, ముని, అశ్వ వాడతారు. "రస" అంటే నవరసాలు తలుచుకుని 9 వేయకూడదు. అది 6, షడ్రసాలు. "రంధ్ర" జాతకాల్లో ఎనిమిదో ఇల్లు, శాసనాల్లో నవరంధ్రాలు, 9. "లోక", "గుణ" మామూలుగా 3. అగ్ని, రామ కూడా 3. కళ్లు, చేతులు, పక్షాలు 2. చంద్రుడు, భూమి 1. బాణాలు 5, మన్మథుడివి. వసువులు, ఏనుగులు 8. ఇక రుద్ర 11, సూర్య లేక ఆదిత్య 12, మను 14, తిథి 15. ఈ రెండంకెల మాటలు రెండు స్థానాలు ఆక్రమిస్తాయి. సూర్యుడు ఒక్కడే కదా అని 1 వేస్తే లెక్క మొత్తం తారుమారవుతుంది.

ఇది చెయ్యి చూద్దాం. వేంగీ చాళుక్య రెండో అమ్మరాజు శ్లోకం: "గిరిరసవసుసంఖ్యాబ్దే శకసమయే మార్గశీర్షమాసేఽస్మిన్ కృష్ణత్రయోదశదినే భృగువారే".

టెక్కలి, గ్రూప్-2 అభ్యర్థి:

గిరి 7, రస 6, వసు 8. వెనకనుంచి 867. మార్గశిర బహుళ త్రయోదశి అంటే డిసెంబరులోనే పడొచ్చు, కాబట్టి 78. 945. భృగువారం శుక్రవారం.

నరసన్నపేట, తెలుగు ఉపాధ్యాయుడు:

భేష్. 945 డిసెంబరు 5, శుక్రవారం. రసని 9 అనుకుని ఉంటే 897, అంటే 975 వచ్చేది. అమ్మరాజు పాలన 970కే ముగిసింది. జవాబు తీశాక రాజు కాలంలో పడుతుందో లేదో ఒకసారి సరిచూసుకునే అలవాటు చేసుకో.

ఆమదాలవలస:

పాత గాంగుల రాగిరేకుల్లో "ప్రవర్ధమాన విజయరాజ్య సంవత్సర" అని ఉంటుంది. దానికీ 78 కలపాలా?

విజయనగరం, చరిత్ర అధ్యాపకురాలు:

అస్సలు కలపకూడదు. అది గాంగశకం, వాళ్ల సొంత లెక్క. దాని ఆరంభం క్రీ.శ. 496–498 ప్రాంతమని పండితులు తేల్చారు, పరీక్షల్లో 498 ఎక్కువగా కనిపిస్తుంది. ఇంద్రవర్మ జిర్జింగి శాసనంలో సంవత్సరం 39. గాంగశకంగా తీసుకుంటే 535–537 ప్రాంతం. పొరపాటున శాలివాహన శకం అనుకుంటే 117కి వెళ్లిపోతారు, అప్పటికి గాంగులే లేరు. పేరు చూస్తే ఒక రాజు ఏలుబడి సంవత్సరంలా ఉంటుంది గాని, ఆ అంకెలు వందలు దాటి నడుస్తాయి. ఒక మనిషి అన్నేళ్లు ఏలలేడు కదా, అది వంశం లెక్క అని అక్కడే తెలుస్తుంది. వజ్రహస్తుడి శాసనాల్లోకి వచ్చేసరికి శకవర్షమే కనిపిస్తుంది.

బొబ్బిలి, సంస్కృతం పాఠకుడు:

శాసనంలో శ్లోకం కనిపించగానే భూతసంఖ్య వెతకనక్కర్లేదని కూడా చెప్పాలి. చాళుక్యరాజు రెండో పులకేశి ఐహోళె శాసనంలో కవి రవికీర్తి అంకెల పేర్లే వాడాడు: "పంచాశత్సు కలౌ కాలే షట్సు పంచశతాసు చ". యాభై, ఆరు, ఐదువందలు. అక్కడ స్థానాలూ లేవు, వెనక్కి చదవడమూ లేదు, ఊరికే కూడాలి. శక 556, అంటే 634–35. దాని ముందు శ్లోకంలో భారతయుద్ధం నుంచి లెక్క: ముప్పై, మూడువేలు, ఏడువందలు, ఐదు. మొత్తం 3735, అది కలిసంవత్సరమే. కలిసంవత్సరంలోంచి 3179 తీసేస్తే శకం రావాలి. 3735లోంచి తీస్తే 556. కవి ఇచ్చిన రెండు లెక్కలూ ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి.

టెక్కలి, గ్రూప్-2 అభ్యర్థి:

ప్రాచీన కళింగ రాజు ఖారవేలుడి హాథీగుంఫా శాసనంలో "తివససత" కూడా ఇలాంటిదేనా?

విజయనగరం, చరిత్ర అధ్యాపకురాలు:

కాదమ్మా. అది ప్రాకృతం, భూతసంఖ్య కాదు. త్రి, వర్ష, శత అన్న మూడు మాటల సమాసం. మూడు వందల ఏళ్లు అని కొందరు, నూట మూడేళ్లు అని కొందరు విడదీస్తారు. సమాసంలో విభక్తులు రాలిపోయాయి గనుక వ్యాకరణం ఒక్కటే దాన్ని తేల్చలేదు. నందరాజు తవ్వించిన కాలువ నుంచి లెక్క గనుక, మూడు వందలైతే ఖారవేలుడు క్రీ.పూ. ఒకటో శతాబ్దికి వస్తాడు, నూట మూడైతే ఇంకా చాలా పాతకాలానికి వెళ్తాడు. లిపిని బట్టి ఎక్కువమంది ఒకటో శతాబ్ది వైపే ఉన్నారు, బిట్టుకూ అదే పెట్టండి. ఆ పంక్తిలో తగాదా లేని సంగతులు వేరే ఉన్నాయి: ఏలుబడి ఐదో సంవత్సరం, నందరాజు కాలువ, దాన్ని తనసులి బాట మీదుగా నగరంలోకి తేవడం. సాధారణంగా ప్రశ్న వచ్చేదీ వీటిమీదే.