పాల ఫ్యాట్ విచ్ఛిన్న చలరాశా, అవిచ్ఛిన్న చలరాశా?

గేదెలింటి కుర్రోడు:
డిగ్రీ రెండో ఏడాది, స్టాటిస్టిక్స్. మా ఊరి పాలకేంద్రం రిజిస్టర్ మీదే ప్రాజెక్టు చేస్తున్నా. నాన్న పోసే పాలకి మిషన్ ఫ్యాట్ శాతం 6.3, 6.4, 6.7 అని చూపిస్తుంది. చుక్క తర్వాత ఒక్క అంకే. 6.3కీ 6.4కీ మధ్య ఇంకేమీ రాదు కదా, అంటే విడివిడి విలువలే, విచ్ఛిన్నం (discrete). మరి మా సార్ తెగకుండా సాగే అవిచ్ఛిన్నం (continuous) అంటారేంటి? ఇంకోటి, గేదె వట్టిపోయిన రోజుల్లో లీటర్ల గడిలో 0 ఉంది. ఆ రోజులు తీసేయాలా?

లాస్ట్ బెంచ్:
లెక్కపెట్టేది విచ్ఛిన్నం, కొలిచేది అవిచ్ఛిన్నం. ఫ్యాట్ కొలుస్తాం. అయిపోయింది బ్రో. ఆ సున్నాలు తీసెయ్, సగటు పాడవుతుంది.

పాత లెక్చరర్:
ఆ సూత్రం పరీక్ష గట్టెక్కిస్తుంది గానీ రిజిస్టర్ ముందు చాలదు. బాబూ, నువ్వు ఇలా అడిగి చూడు: విడివిడి విలువల మీద సంభావ్యత కుప్పలుగా పడి ఉందా, లేక ఎక్కడా కుప్ప లేకుండా పరుచుకుని ఉందా? కుప్పలైతే విచ్ఛిన్నం, పరుపైతే అవిచ్ఛిన్నం.

నీ దగ్గర రెండు చలరాశులున్నాయి. పాలలో నిజంగా ఉన్న ఫ్యాట్ ఒకటి, మిషన్ చూపే అంకె ఇంకొకటి. నిజం ఫ్యాట్ సరిగ్గా 6.4, అంటే చుక్క తర్వాత 4, ఆపైన అన్నీ సున్నాలే, అయ్యే సంభావ్యత 0. 6.35కీ 6.45కీ మధ్య పడే సంభావ్యత మాత్రం ఉంటుంది. సంభావ్యత ఎక్కడ ఎంత దట్టంగా పరుచుకుందో చూపే గీత, అంటే సాంద్రతా వక్రం, దాని కింద ఆ మేర వైశాల్యమే అది. దగ్గరి అంకెకు సవరించే మిషన్ అయితే ఆ వైశాల్యమంతా 6.4 అనే ఒక్క అంకె మీదకి చేరుతుంది. కాబట్టి మిషన్ అంకె విచ్ఛిన్నమే, నువ్వు చూసింది సరే. మీ సార్ చెప్పింది నిజం ఫ్యాట్ సంగతి. మెట్లు ఇంత చిన్నవైనప్పుడు ప్రాజెక్టులో అవిచ్ఛిన్నంగా తీసుకుంటేనే పని సులువు, నేనైనా అదే చేస్తా.

విలువలకు అంతు లేకపోతే అవిచ్ఛిన్నమే అనే అపోహ కూడా వద్దు. 1910లో భౌతిక శాస్త్రవేత్తలు రూథర్‌ఫర్డ్, గైగర్ పొలోనియం అనే రేడియోధార్మిక మూలకం నుంచి వచ్చే ఆల్ఫా కణాలను 7.5 సెకన్ల చొప్పున 2,608 విడతలు లెక్కించారు. విడతకు సగటు 3.87. ఒక్క కణమూ రాని విడతలు 57. యాదృచ్ఛికంగా జరిగే ఘటనల లెక్కకు వాడే పాయిసాన్ విభాజనం ప్రకారం సుమారు 54 రావాలి. ఆ లెక్కకు పైహద్దు లేదు, అయినా విచ్ఛిన్నమే. అదే ప్రయోగంలో ఒక కణానికీ తర్వాతి కణానికీ మధ్య గడిచే కాలం తీసుకో, అది అవిచ్ఛిన్నం!

సున్నాలు మాత్రం ముట్టుకోవద్దు. రోజువారీ లీటర్లలో 0 మీద ఒక కుప్ప, పైన పరుపు. ఇది మిశ్రమ చలరాశి. 'పాలు పోశారా లేదా' అన్నది ఒక లెక్కగా, పోసిన రోజుల్లో ఎన్ని లీటర్లన్నది వేరే లెక్కగా రాయి. సగటు బాగుండాలని గేదె వట్టిపోయిన సంగతే చెరిపేస్తే ఎలా?

గేదెలింటి కుర్రోడు:
అర్థమైంది సార్. మరి బిట్ పేపర్‌లో 'వయసు' అని అడిగితే?

పాత లెక్చరర్:
ఉత్త 'వయసు' అంటే అవిచ్ఛిన్నం. 'నిండిన సంవత్సరాల్లో వయసు' అని ఉంటే విచ్ఛిన్నం. ప్రశ్న పూర్తిగా చదివాకే టిక్ పెట్టు.